దక్షిణపు హద్దు

చింతాద్రిపేటలో నాలుగో సందు, పదకొండో నంబరు.
అమ్మకం కాగితం రాయమని పిలిచారు నన్ను.
ముప్ఫై ఏళ్లుగా ఇదే పని,
ఎవరెవరి ఇళ్లకో హద్దులు రాసి
సాయంత్రానికి అద్దె గదికి పోవడం.

దస్త్రం అడుగున తెలుగు కాగితమొకటి,
చెదలు తిన్నంత తిని వదిలేసింది.
"కుంపెనీవారు దయచేసిన జాగా,
మగ్గం ఆడినంత కాలం అనుభవించునది.
తూర్పు, అద్దకంవారి బావి. పడమర, కూవం ఏరు.
ఉత్తరం, పడుగు సాగదీసే బాట.
దక్షిణం, ఇంకా ఎవరూ రాలేదు."

ఇంకా ఎవరూ రాలేదు.
ఇన్ని దస్తావేజులు రాశాను,
ఇలాంటి హద్దు ఒక్కటీ నా చేతికి రాలేదు.

జాగా పుచ్చుకున్నవాడు చిట్టెం ఓబులేశు.
వెంకటగిరి దిక్కు నుంచి
అచ్చుపలక భుజాన వేసుకుని నడిచొచ్చాడు.
ఆనవాలు: నిడుపాటి మనిషి, ఎడమ చెంపన మచ్చ.
అప్పటికి ఇది తోట, రాత్రి నక్కలు.
తాటాకు కప్పి మట్టిగోడ లేపారు.

తర్వాతి కాగితాల్లో మగ్గం మాటే లేదు.
సీమగుడ్డ ఓడలు దిగిన రోజుల్లో
ఇల్లు తాండ్ర పెరుమాళ్ళయ్య చేతికొచ్చింది,
ఉప్పు కొఠారులో గుమాస్తా.
మేడమెట్లు ఆయన కట్టించినవే.
గుంతలో ఇటుకముక్కలు పోసి
పైన ఎర్రపలకలు పరిచి
కుర్చీ వేసుకుని కూర్చున్నదీ ఆయనే.
ఆ కుర్చీకి ఒక కాలు ఎప్పుడూ కుంగేదట.
మునిమనవరాలు నవ్వుతూ చెప్పింది,
ఇప్పుడు అమ్ముతున్నది ఆవిడే.

నిన్న కొలతలకు వెళ్తే
కూలీలు పలకలు లేపేసి ఉన్నారు.
కిటికీ కింద, వెలుతురు పడేచోట, గుంత.
చెప్పులు విడిచి
కాళ్లు అందులోకి దించి కూర్చున్నాను.
ఎందుకంటే ఏం చెప్పను.
మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

నేను పొడగరిని కాను.
మరి ఆ నిడుపాటి మనిషి
ఇందులో ఎలా పట్టాడు?

అడుగున రెండు పల్లాలు,
తొక్కుడుకర్రల కింద మడమలు ఆనినచోట.
చిన్నవి. నా అరచేతిలో ఇమిడిపోయేంత.

మళ్లీ కాగితం తీశాను.
నిశానీల వరసలో, చిట్టచివర,
"సాక్షి, పెండ్లాము సిద్ధమ్మ", పక్కన నాడె బొమ్మ.
అతను మూటలు మోసుకుని
కుంపెనీ గిడ్డంగి చుట్టూ తిరిగి ఉంటాడు.
నేసింది ఆమె అయి ఉంటుంది.
నాకేం తెలుసు, మడమలు చెప్పాయి, అంతే.

షెడ్యూలు రాశాను:
పాత కట్టడం, విలువ లేదు.
పూడిన బావి ఒకటి. కొబ్బరిచెట్టు ఒకటి.
కిటికీ కింద గుంత ఒకటి.

వకీలు ఎర్రసిరాతో చివరిది కొట్టేశాడు.
"గుంతలకు రిజిస్ట్రేషను ఉండదండీ."

సరేనన్నాను.
శుద్ధప్రతి రాసేటప్పుడు
దక్షిణం దగ్గర కాసేపు కలం ఆగింది.
అక్కడిప్పుడు సెల్‌ఫోను కవర్లమ్మే కొట్టు.
అదే రాశాను.