ఎక్కని కిలోమీటర్లు

బిదియా అవతల, తారు ఆగి ఇసుక మొదలయ్యే కాడ
మా షాపు.
లోపలికి పోయేటోళ్లకు గాలి తీస్తం,
బయటికొచ్చినోళ్లకు గాలి కొడ్తం.
పొద్దుగూకులు గదే పని.

ఇంగ్లీషు సదువ రాదు నాకు.
టైరు పక్కన రాసిందైతే సదువుత.
రెండొందల ఎనభై అయిదు, అరవై, పద్దెనిమిది:
వెడల్పు, వెడల్పుల ఎత్తు ఎంతపాలు, లోపలి రిమ్ము.
చివర చిన్న గడిల నాలుగంకెలు,
అది పుట్టిన వారం, పుట్టిన ఏడు.
నాకు నా వారం తెల్వదు.

మా తాత వడ్ల నర్సయ్య
మెట్‌పల్లి కాడ బండి గిర్రలకు పట్టా ఎక్కించేటోడు.
పిడకల మంటల ఎర్రగ కాల్చి, తొడిగి, నీళ్లు గుమ్మరిస్తే
ఇనుము బిగుసుకుంటది, ఆకులు కిర్రుమంటయి.
వేలెడు పెద్దదైతే జారుతది,
వేలెడు చిన్నదైతే ఆకులిరుగుతయి, అనేటోడు.
ఇంచుల లెక్క నాకు అక్కడ్నే మొదలు.

షాపు కఫీలు హమూద్. ఆయన కొడుకు సాలెం.
అక్టోబరుల వచ్చిండు, తండ్రి లాండ్ క్రూజరేసుకొని.
ఇరవై రెండు కావాలన్నడు.
నల్ల రిమ్ములు, మొకం కనవడేటియి,
చుట్టూ రబ్బరు రొట్టె అంచంత.

వచ్చీరాని అరబ్బిల చెప్పిన:
తారు మీద సోకుగనే ఉంటది యా సాలెం,
స్టీరింగు ఇట్లంటే బండి అట్ల తిరుగుతది,
మలుపుల ఒరగదు.
కానీ ఒక్కో చక్రం ఏడు కిలోలు ఎక్కువ.
స్ప్రింగు పైన ఏడు కిలోలంటే నీ తమ్ముని స్కూలు సంచి.
స్ప్రింగు కింద ఏడు కిలోలంటే
గుంత గుంతకు ఎగిరి గుద్దుతది,
కదలనీకి బద్దకం, ఆగనీకి బద్దకం.
కింద మోసే బరువు లెక్క వేరే.
నా నడుముకు తెల్సు.

"రాజ్, ఇంజనీరు ఎప్పుడైనవ్?" అని నవ్విండు.
నాలుగూ ఎక్కించిన.
మడ్‌గార్డు లోపల రాసుకుంటుంటే కత్తితోని కోసిన.
పాతయి అమ్మెయ్యమన్నడు.
అమ్మలే. షాపెనుక టార్పాలిన్ కింద దాచిన.

జనవరి, శుక్రారం రాత్రి, ఫోను.
ఇసుకల దిగవడ్డరు. అయిదుగురు దోస్తులు,
ఒక పొయ్యి, సగం కాలిన మాంసం.
పికప్పుల నేను, శఫీకుల్, పాత నాలుగు టైర్లు.

మంచి టైరుకు గాలి సగం తీస్తే
అరికాలు లెక్క పరుచుకుంటది,
ఇసుక మీద నడుస్తది, తవ్వది.
దీంట్ల పరుచుకునేందుకు రబ్బరేది?
తీసిన గాలికి అంచు రిమ్ము నుంచి ఊడొచ్చి
నాలిక బయటేసిన కుక్క లెక్క పడున్నది.
జాకీ కింద చెక్క, చెక్క కింద ఇసుక,
ఇసుక కింద ఇసుక.
రెండు గంటలు.
సాలెం టార్చి పట్టుకున్నడు. ఏం మాట్లాడలే.
పద్దెనిమిదులు ఎక్కినంక బండి,
ఒంటె లేచినట్టు, ఎనుక నుంచి లేచింది.

తెల్లారి హమూద్ వచ్చిండు. కోపం లేదు,
ఫ్లాస్కుల ఖహ్వా ఉన్నది.
మీటరు చూసి అన్నడు:
మూడు నెలలకు మూడువేలే తిరిగిండు పోరడు, నయం.

కాదు బాబా, అన్న.
చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతది.
మీటరుకు చుట్లే తెల్సు, నేల తెల్వదు.
సూది నూట ఇరవై అంటే బండి నూట ఇరవై అయిదు.
ఈ మూడువేలకు ఇంకో నూట ముప్పై ఉన్నయి,
తిరిగినయి గాని ఎక్కలే.

నా కార్డు మీద ఆరేండ్లని ఉన్నది.
ముందటి అయిదు వేరే కాయిదం మీద,
హమూద్ వాళ్లన్న షాపుల, గిదే జాకీ.

హమూద్ కప్పు కింద పెట్టి నా దిక్కు చూసిండు.
నేను మీటరు సంగతే చెప్పిన.
గేజీ అందుకొని వంగి
ముందు ఎడమ టైరుకు
ముప్పై అయిదు కొట్టిన.