తీగ కింద మల్బరీ

మా మిషన్‌కి రుచి తెలీదు.
ఏ చెట్టు కొమ్మైనా ఒకటే గర్జన,
ఒకటే పొట్టు.
పదకొండేళ్ళుగా దాని నోట్లో కొమ్మలు కూరుతున్నవాణ్ణి,
చెవుల్లో రబ్బరు బిరడాలు, చేతులకి జిగురు.

ఈ నవంబరు నుంచి కొత్త పద్ధతి.
లారీ అద్దానికి జూ వాళ్ళిచ్చిన కాగితం:
విల్లో పంపండి, తుమ్మ పంపండి,
మల్బరీ అయితే ఎంతైనా.
మందు కొట్టినది వద్దు.
అన్నిటికన్నా పైన, ఎర్రగీతతో: గన్నేరు వద్దు.
ఆ ఒక్కటీ నాకెవరూ విడమరచి చెప్పక్కర్లేదు.
గన్నేరు పప్పు ఏం చేస్తుందో
మా ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు,
ఏ ఇంటి ముందు గొంతు తగ్గించి నడవాలో కూడా.

అడిలైడ్‌లో, థెబార్టన్‌లో ఒక ఇరుకు వీధి.
కరెంటు తీగని గీరుతున్న మల్బరీ.
దాని కింద కుర్చీ వేసుకుని స్టమటియా గారు,
ఒళ్ళో గిన్నె, గిన్నెలో పళ్ళు,
లేవనంది.
"మా ఆయన నాటాడు. తీగ తర్వాతొచ్చింది.
తీగనే కొట్టుకోండి."
డార్సీ టోపీ తీసి తల గోక్కున్నాడు.
చట్టం చెప్పాడు. మంటల కాలం చెప్పాడు.
ఆవిడ ఇంకో పండు నోట్లో వేసుకుంది.

నేనే అన్నాను, ఎందుకన్నానో:
"మిషన్లోకి కాదమ్మా, జిరాఫీకి."
నమలడం ఆగింది.
"ఏ జిరాఫీకి?"
నాకేం తెలుసు. "ఆడదే," అన్నాను.
"పిల్లలా?"
"ఒకటి."
కుర్చీ మడిచింది.

ఆకు వాడకూడదు.
గోనెపట్టాలు తడిపి కప్పాం,
ఒళ్ళో పెరుగుకుండ ఉన్నట్టు
మలుపు మలుపుకీ నెమ్మదిగా.

జూ వెనక గేటు.
ఎత్తు స్తంభానికి కట్టారు కొమ్మని.
దానికేం తొందర లేదు.
ముందు నాలుక వచ్చింది:
మూరెడు, నల్లూదా,
బడి ఎగ్గొట్టి నేరేడు చెట్టెక్కినవాడి నాలుక.
కొమ్మ చుట్టూ మెలితిరిగి
ఒక్క గుంజుకి ఆకంతా దూసింది,
అమ్మ తిరగమోతలోకి కరివేపాకు రెబ్బ దూసినట్టే.
నేను బిరడాలు తీసేశాను.
నమలడం వినపడింది.
పదకొండేళ్ళలో మొదటిసారి
ఒక కొమ్మ అయిపోవడం విన్నాను.
పిల్ల జిరాఫీ ఉందేమోనని అటూ ఇటూ చూశాను.
లేదు.

ఏడాది తిరిగింది.
ఆఫీసుకి ఫోను, ఆవిడే:
"కొమ్మలు మళ్ళీ తీగ దాకా వచ్చాయి.
ఆ పిల్ల ఎదిగి ఉంటుంది కదా, ఎక్కువే తింటుంది.
మీరింకా రారేం?"

డార్సీ ఆకురాయితో రంపం పళ్ళు రుద్దుతున్నాడు.
నేను పట్టాలు తడుపుతున్నాను,
పోయినేటి కన్నా రెండు ఎక్కువ.