పల్లంలో బ్రేకు

కొండ లేదు, లోయ లేదు మా లంకల్లో.
నీళ్ళే ఎటు పోవాలో తెలీక నిలబడిపోయే చోటు.
ఇక్కడ బ్రేకుల గురించి ఇంత రంధేంటండీ అన్నాడు
మొన్న మేతల కంపెనీ నుంచి వచ్చినాయన.
నవ్వి ఊరుకున్నాను.
సఖినేటిపల్లి రేవులో, వాన తడిపిన పంటు మీద,
ముందు టైర్లకీ గోదారికీ మధ్య
రెండంగుళాల చెక్క మిగిలిన పూట
ఆయన నా పక్క సీట్లో లేడు.

ఆ పూట ఆగింది.
ఆగేముందు మాత్రం ఒక మాట అంది, కీచుమని.
మూడు రాత్రులు విన్నాను దాన్ని.

మలికిపురంలో మీరాసాహెబు చక్రం ఊడదీసి
డిస్కు మీద బొటనవేలి గోరు గీశాడు.
గోరు గాడిలో తట్టుకుంది.
"దున్నిన మడండీ ఇది. సాపు చేయించేంత కండ కూడా లేదు."
ప్యాడు తీసి అరచేతిలో పెట్టాడు.
రెండు అగ్గిపుల్లల మందం.

ఉప్పు. ఎవర్నీ అనడానికి లేదు.
రొయ్యల చెరువు గట్ల మీద
నాలుగు చక్రాలూ పీక్కుంటూ తిరిగే జీపుకి
తెల్లారేసరికి ఇనుము మీద ఎర్రటి పొర.
మొదటి బ్రేకుకి గరగరమని రాలుద్ది,
మర్నాటికి మళ్ళీ.

పాలకొల్లులో వీర్రాఘవులు గారి కొట్టు.
గాజుబల్ల మీద మూడు పెట్టెలు.
జీపులో సగం వాటా మా బావమరిది నాగసూరిది,
కాబట్టి సగం ఇష్టం కూడా అతనిదే.
చిల్లుల డిస్కు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు:
"గాలాడుద్ది బావా. చూపుకీ బావుంటది."
ఒక చిల్లులోంచి అతని కన్ను, సంబరంగా.
గాలి కాదు బావా, మన బంకమట్టి ఆడుద్ది అందులో.
ఎండాక ఒక్కో చిల్లూ పుల్లెట్టి పొడుచుకుంటా కూర్చోవాలి,
నువ్వు సగం, నేను సగం.

రెండో పెట్టెలో పందేల ప్యాడ్లు.
ధర చెప్పేటప్పుడు వీర్రాఘవులు గారే గొంతు తగ్గించారు.
వేడెక్కాక పులిలా పట్టుద్దట.
వేడెక్కేదాకా?
రేవు దిగుడు మొత్తం ఇరవై గజాలండీ మాకు.

బల్ల కింద నుంచి నాలుగోది కూడా వచ్చింది, సగం రేటుకి.
పెట్టె మీద కంపెనీ పేరులో ఒక అక్షరం తప్పు.
ఆయ్, అది లోపల పెట్టెయ్యండి.

చివరికి సాదా డిస్కులే.
చిల్లు లేదు, గాడి లేదు,
తుప్పు పట్టకుండా బొడ్డు చుట్టూ బూడిదరంగు పూత.
చల్లగా ఉన్నప్పుడే కరిచే మామూలు ప్యాడ్లు.
నాగసూరి డబ్బులు లెక్కెట్టాడు గానీ
పెట్టె మొయ్యలేదు.

అరిచింది ఎడం వైపే కదా, అదొక్కటే మార్చేద్దామన్నాడు.
మీరాసాహెబు పానా కింద పెట్టి చూశాడతన్ని:
"ఒక కాలికే కొత్త చెప్పేసుకుని పెళ్ళికెళ్తారేంటండీ?"

మర్నాడు చీకటితోనే కాలవ గట్టు మీద
యాభై దాకా తోలి, పదికి దించి,
పూర్తిగా ఆపకుండా మళ్ళీ యాభై.
పాతిక సార్లు.
మాడిన అట్లపెనం వాసన.
రొయ్యల షెడ్డుకి పోయే ఆటో పక్కనొచ్చింది.
కిక్కిరిసిన ఆడాళ్ళలోంచి వరహాలమ్మ తల బయటికి పెట్టి
"కొత్తగా నేర్చుకుంటన్నావా నాయనా?"
అవునండీ అన్నాను.
ముప్పై ఏళ్ళ నుంచీ తోల్తున్నానని చెప్పేలోపు
ఆటో మలుపు తిరిగిపోయింది.

సాయంత్రం పంటు.
పలక దిగాను, పాదం ఆనించాను.
చప్పుడు లేదు.
పక్కన ఎవరిదో కొత్త బండి, నాలుగింటికీ చిల్లుల డిస్కులు.
నాగసూరి దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.
నేనేం అనలేదు.
టిక్కెట్ల కుర్రాడు మా బంపరుకీ నీళ్ళకీ మధ్య
గోదారికి వీపు పెట్టి నిలబడి
చిల్లర లెక్కెట్టుకుంటన్నాడు.