వెనక ఎడమ

మంగళవారం ఆరు పెట్టెలు వచ్చాయి.
మురహరి వాటిని గదిలో
బంతి భోజనానికి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాడు.
ముందు ఇద్దరు, నడిమి ఒకడు,
సోఫా వెనక ఇద్దరు,
మూలన నేల చూపులు చూస్తూ ఒక లావుపాటి బొంగురు గొంతు.

షెఫీల్డ్‌లో కొండవాలు మీద
ఒకదాని భుజాన ఒకటి తల వాల్చుకున్న వరస ఇళ్ళలో
మాది పదకొండోది.
ముందు గది పొడవు నా అడుగుల్లో తొమ్మిది.
అంత గదికి ఆరుగురెందుకని నేనడగలేదు.
అతని పుట్టినరోజు.

వైర్లు లేవు, అదే గొప్ప అన్నాడు.
వైర్లు లేకపోవడమంటే
ప్రతిదానికీ ఒక కరెంటు తీగ ఉండటమని
రాత్రి ఏడింటికి తెలిసింది.

నా ఫోను పిలిస్తే ముందు ఇద్దరే పలుకుతారు.
అతని ఫోను పిలిస్తే అందరూ పలుకుతారు,
వెనక ఎడమ తప్ప.
టీవీ పిలిస్తే వెనక ఎడమ కూడా పలుకుతుంది,
కానీ అరక్షణం ఆలస్యంగా,
పద్యం రాని పిల్లాడు
పక్కవాడి నోరు చూసి అందుకున్నట్టు.
తెర మీద ఆవిడ ఏడవడం ముగించి
ముక్కు తుడుచుకుంటూ ఉంటే
నా చెవి వెనక మొదలవుతుంది ఏడుపు.

కంపెనీకి ఫోన్ చేశాం.
ఎవరో గ్లాస్గో యాస అమ్మాయి, చాలా ఓపిక.
ఇది పాత తరం, అది కొత్త తరం,
మధ్యలో మీ రౌటరుది ఇంకో భాష అంది.
జాతకాలు కలవలేదంటోంది, అన్నాను మురహరితో.
కలిశాయనే కదా డబ్బా మీద అచ్చేశారు, అన్నాడు,
ముప్పై ఆరుకి ముప్పై ఆరూ.

రీసెట్ బటన్ సూదిబెజ్జమంత కన్నంలో ఉంది.
చెవిదుద్దు తీసి దాని కాడతో గుచ్చాను.
పది లెక్కపెట్టండి అంది.
ఎన్ని పదులు లెక్కపెట్టామో.
ఎర్ర దీపం, నీలం దీపం,
ఆ తర్వాత పుస్తకంలో లేని ఒక రంగు.
మైక్రోవేవ్ ఆపమంది. ఆపాం.
చేపల తొట్టె దూరంగా జరపమంది.
మాకు చేపల తొట్టె లేదని చెప్పడానికి
ఎందుకో ఇద్దరికీ సిగ్గేసింది.

బుధవారం గొంతులు లేచాయి. స్పీకర్లవి కాదు.
నేను చెప్పేది నీకసలు చేరుతోందా, అన్నాడు.
చేరుతోంది.
ఆ మాటకి నాకు కోపం
గిన్నెలన్నీ కడిగి, లైటు తీసి
పక్క మీద వాలాక వచ్చింది.

గురువారం అతనికి నైట్ డ్యూటీ.
సోఫాలో కాళ్ళు ముడుచుకుని
ఏమీ పెట్టుకోకుండా కూర్చున్నాను.
పదింటికి
వాన.

కిటికీ తెర తప్పించి చూశాను.
వీధి దీపం కింద రోడ్డు పొడిగా ఉంది.
వాన వెనక ఎడమ నుంచే,
రేకుల కప్పు మీద పడే వాన,
ఎక్కడో బాగా దూరాన ఒక ఉరుము,
మధ్యలో ఒక మగగొంతు మెల్లగా:
ఇప్పుడు ఊపిరి వదిలేయండి.

మా ఇద్దరి ఫోన్లనీ గడప తొక్కనివ్వని ఆ పెట్టె
మూడు రోజుల రీసెట్లకి తలుపులు బార్లా తీసి కూర్చుందేమో.
తెర మీద రాసి ఉంది: కలిసింది, డెనీస్ ఫోను.

డెనీస్, గోడవతలి ఇల్లు.
ముప్పై ఏళ్ళు బస్సు నడిపింది.
ఇన్నాళ్ళూ మా మాటలన్నీ చెత్తడబ్బాల గురించే,
ఈ వారం నీలమా, గోధుమా.
ఆవిడకి నిద్ర పట్టదని నాకెలా తెలుస్తుంది.

గోడలకి చెవులుంటాయంటారు.
మా గోడకి నోరొచ్చింది.

ఉన్నట్టుండి వాన పెద్దదైంది.
ఇంకా పెద్దదైంది.
లావుపాటివాడు కూడా ఉలిక్కిపడేంత.
అప్పుడర్థమైంది:
అక్కడ ఆవిడకి ఒక్క చినుకూ వినబడక
పెంచుతోంది, పెంచుతోంది,
ఆ తడంతా ఇక్కడ నా మీద.

వంగి ప్లగ్గు లాగేశాను.
గోడకి చెవి ఆనించాను.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత సన్నగా, చిన్న ఫోను గొంతుతో,
అటువైపు కురవడం మొదలైంది.

పొద్దున్న మురహరి బూట్లు విప్పుతూ అడిగాడు,
కలిసిందా?
కలిసింది, అన్నాను.
ఎవరితో అని అడగడానికి
అతనికి అరక్షణం పట్టింది.