ముప్పైకి ఎన్ని

ఆదోనిలో జిన్నింగు మిల్లు వెనక సందు.
సంచిలో బీపీ మిషను, కొలత టేపు,
ఇరవై రెండు పేజీల ఫారం.
నులకమంచం మీద ఫకీరప్ప.
కుడిపక్క పడిపోయి ఎనిమిది నెలలు.

ఫారం అడుగుతుంది:
లక్షణం కనబడినాక ఎన్ని గంటలకు ఆసుపత్రి చేరినారు?
నాలుగున్నర దాటితే వేరే గడిలో టిక్కు.
మాబున్ని చెప్పింది, ఆయన భార్య:
"పొద్దున నోరు వంకర పోయింటే గాలి సోకిందనుకొంటిమి మ్మా.
పావురం నెత్తురు పూస్తే తగ్గుతాదనిరి.
పావురం దొరికేతలికి మద్యాన్నమాయ.
కర్నూలు పెద్దాసుపత్రి కాడ దిగేతలికి
వీధిలైట్లేసినారు."
ఆలస్యానికి కారణం రాసేదానికి ఒకటే గీత ఇచ్చినారు.
దాని మీద పావురం పట్టదు.
'అవగాహన లేమి' అని రాసినా.
పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసినా.
కొట్టేయలేదు.

తరవాతి పేజీ జ్ఞాపకానిది. ముప్పై మార్కులు.
ఇది ఏ సంవత్సరం?
"బా" అన్నాడు.
ఈ ఊరి పేరేంది?
"బా."
అరవై ఏండ్లు దూది ఏకినోడికి
విల్లు మోతలో ఆ ఒక్క ముక్కే మిగిలినట్టుంది.
ఏకు మేకైందంటారే,
కుడిచెయ్యి అట్లనే బిగుసుకొనింది.
ఎడమ చేతికి పెన్సిలిచ్చి
గడియారం బొమ్మ గీయమన్నా.
తిప్పి తిప్పి చూసి
బీడీ మాదిరి చెవెనక పెట్టుకొన్నాడు.
సున్నా.

"మంగళారం అని చెప్పబ్బా" అనింది మాబున్ని.
పక్కనుండేవాళ్ళు జవాబు చెప్పకూడదవ్వా.
"నేనేం చెప్పలే.
ఆయన కండ్లతో అనింది నోటితో అంటి, అంతే."

నాలుగు మార్కులు.
మాట పోయిన మనిషికి మాటలతో పరీక్షేంది సార్
అని మీటింగులో అడిగినా.
సారు నీళ్ళు తాగి, పేజీ తిప్పినారు.

ఆరు నెలలకు రెండో విడత.
యార్డుకు పత్తి వచ్చే కాలం,
సందంతా ఎగిరే నూగు.
"ఉగ్గాని తింటావేమ్మా?"
తినొచ్చినా అవ్వా.
బీపీ పట్టీ చుట్టినా. నూట యాభై, తొంభై.
మాత్రలు వేస్తాండావా ఆయనకు?
"దినామూ ఏస్తా."
అట్టలో పది గుంతలు, పదీ నిండుగా.
"యా ఊరు మ్మా నీది? ఉగ్గాని తింటావా?"
ఆదోనే అవ్వా. వద్దు.
బరువు, నడక, నిద్ర,
తనంతట తాను అన్నం తింటాడా, కొంచెం సాయం కావాలా.
"ఎప్పుడొస్తివి మ్మా? ఉగ్గాని..."

నేను పెన్ను ఆపినా.

మంచం పట్టెకు అవతల,
ఆమెకు కనబడకుండా,
ఎడమచెయ్యి లేచింది.
మూడు వేళ్ళు.

తరవాత అదే చెయ్యి దిండెత్తి చూపించింది.
కింద దూది ఉండలు.
శనగ్గింజంత ఒక్కొక్కటి, వరసగా, పద్దెనిమిది.
పాలు పొంగిపోయిన దినాలో,
తలుపు తీసిపెట్టి ఎటో పోయిన దినాలో,
ఆయన పేరే తప్పిపోయిన దినాలో,
నాకు తెలీదు. ఆయన చెప్పలేడు.
లెక్క మాత్రం ఉంది.

ఫారం మీద గుర్తింపు నంబరు ఒకటే.
దాని కింద ఒక్క మనిషే పడతాడు.
మార్జిన్లో పెన్ను పెట్టి, ఏం రాయాలో తోచక
పద్దెనిమిది అని వేసినా.

నాలుగోసారి అడిగింది.
పెట్టు అవ్వా, తింటా అన్నా.
ఎర్రగడ్డలు తరిగింది. మిరపకాయలు తుంచింది.
బొరుగులు నీళ్ళలో పోసి
నిలబడిపోయింది.
గోడకేసి చూస్తాంది.
గిన్నెలో బొరుగులు మెత్తబడతాండాయి.
ఇంకొంచేపుంటే పిండికి కూడా రావు.

"బా" అన్నాడు మంచం మీద నుంచి.
గట్టిగా కాదు.

ఆమె చేతులు గిన్నెలోకి పోయి
పిండను మొదలుపెట్టినాయి.