ఒక వేలు వదిలి

మూడో కీమో తర్వాత
నీళ్లకి ఇనుప రుచి వచ్చింది.
అన్నం గిన్నె మూత తీస్తే చాలు
కడుపు గొంతులోకి లేచొచ్చేది.

చెన్నైలో, చూళైలో, మా వీధి చివర నాటుమందుల కొట్టు.
రావుత్తర్ తాత త్రాసులో శొంఠి వేస్తూ అడిగాడు:
"డాక్టరమ్మకి చెప్పావా?"
చెప్పానన్నాను.
"మరి ఇది?"
ఆడపడుచు వకుళ రాసిచ్చిన చీటీలో
రెండో పేరు మీద వేలు పెట్టాడు.
చెప్పలేదు.
చీటీ మడిచి నా చేతిలోనే పెట్టి
శొంఠికి మాత్రం డబ్బు తీసుకున్నాడు.
అమ్మనన్నవాడి మీద
అంత నమ్మకం నాకెప్పుడూ కలగలేదు.

ఇరవై రెండేళ్లు జాకెట్లు కుట్టాను.
ఎవరికి ఎడమవైపు అరంగుళం ఎక్కువ వదలాలో
వాళ్ల మొగుళ్లకి తెలీదు, నాకు తెలుసు.
నా గడ్డని పట్టుకున్నది మాత్రం టేపు కాదు,
స్నానం సబ్బు.

ఇప్పుడు సూది గుచ్చుకున్నా తెలియదు.
గుడ్డ మీద ఎర్రచుక్క కనపడ్డాకే
ఓహో, నా వేలే అనుకుంటాను.
గోళ్లు నేరేడుపళ్లు.
అరచేతులు అప్పుడే పెనం మీంచి తీసినట్టు.

పొద్దున్నే అరగ్లాసు శొంఠి కషాయం.
వాంతి ఆగలేదు, వాయిదా వేసుకుంది
ఒక ఇడ్లీ అయ్యేదాకా.
ఒక ఇడ్లీ అంటే ఎంతో
మీకు తెలియకూడదనే నా కోరిక.

ఆషాఢంలో వకుళ గోరింటాకు రుబ్బుకొచ్చింది.
చీటీ సంగతి ఇద్దరం ఎత్తలేదు.
"ఇదయినా అడిగావా?" అంది, కాస్త కోపంగానే.
అడిగాను. పెట్టుకోమంది డాక్టరమ్మ,
"చేతులకి చలవ, అంతే. రోగానికి మందు కాదు" అని కూడా అంది.
నర్సు పొన్నరసి నా వేలికి క్లిప్పు తగిలించి చూపించింది.
"ఇది గోరు మీంచే చూస్తుంది అక్కా.
కాస్త తెల్లగా ఉన్నది చూసి ఒక వేలు వదిలెయ్యి."

రాత్రంతా తొమ్మిది వేళ్లకీ తడి.
చేతులున్నాయని గుర్తొచ్చింది,
ఎన్నాళ్లకో, మంట వల్ల కాకుండా.

తెల్లారి కడిగితే బాగా పండింది.
"మంచి మొగుడొస్తాడు" అంది వకుళ.
లోపల ఉన్నాయన దగ్గాడు.

నాలుగో కీమో. కుర్చీలో కూర్చుని
గోరింటాకు లేని ఉంగరం వేలు చాపాను.
తొంభై ఏడు, అని వెలిగింది మిషను.
కొలత వినపడగానే, అలవాటు,
చెవి మీద పెన్సిల్ కోసం తడుముకున్నాను.
చెవి ఉంది. దాని మీద పడే జుట్టు లేదు.
పెన్సిల్ పొన్నరసి ఇచ్చింది.