కాంటా కాడ నిద్ర

"రాత్రిపూట దానంతటదే లేస్తున్నదమ్మా,
ఎవలు ముట్టకుండనే" అన్నాడు జానయ్య.
మిర్యాలగూడ బైపాసు, రైసుమిల్లు ధర్మకాంట.
కిటికీ చువ్వల మీద వేలెడు మందాన ఊకదుమ్ము.
కంప్యూటరుకు నిమ్మకాయ కట్టి ఉంది.
నిమ్మకాయ తీయకుండానే మూత విప్పాను.

లోపల వింతేం లేదు.
నిద్రపోయిన మిషన్‌లో అంతా నిద్రపోదు.
లెక్కలు చేసేది ఆరిపోతుంది, ఫ్యాను ఆగుతుంది,
జ్ఞాపకానికి మాత్రం సన్నగా కరెంటు పారుతుంటుంది
నారుమడి ఎండకుండా తడి పెట్టినట్టు.
ఇంకొక్క తీగ మేలుకొని ఉంటుంది.
దానికి ఆలోచన లేదు.
ఎవరు, ఎందుకు అని అడగదు.
తట్టారా, లేపుతుంది.
మా పుస్తకాల్లో దీన్ని అంతరాయం అన్నారు.
నాకా మాట నచ్చదు,
అన్నం ముందు కూర్చున్నప్పుడు వచ్చినోళ్లను అనే మాట.

ఒంటిగంటన్నర దాకా అక్కడే కూర్చున్నా.
మిల్లు హోరులో జానయ్య
గోనెసంచుల మీద ఎప్పుడో ఒరిగిపోయాడు.
హాలియా దిక్కు నుంచి వడ్ల లారీ.
కాంటా ఎక్కకముందే
నేల వణికింది, బల్ల వణికింది,
బల్ల మీది మౌసు గోరంత జరిగింది.
గోరంతే.
దాని కింది ఎర్ర వెలుగుకు ఆ జరుగుడు చాలు.
తెర భగ్గున తెల్లారింది,
ఆ తెలుపు మొహాన పడి
జానయ్య లేచాడు.

దెయ్యం దొరికింది. పద్నాలుగు చక్రాలు దానికి.
సెట్టింగుల్లో చిన్న గడి, గడిలో టిక్కు:
ఈ మౌసు మిషన్‌ను లేపవచ్చు.
తీసేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.
"ఉండనీ బిడ్డా.
హారన్ కొడితే ఇనరాదు, ఇరవై ఏండ్ల మిల్లు చెవులు.
నన్ను లేపేది ఇదేనని ఇయ్యాల ఎరుకైంది."
"మరి తీసెయ్యమంటివి?"
"దెయ్యమైతే తీసెయ్యమన్న. లారీ అయితే కాదు గద."

నలభై ఒక్క టన్ను, ఆరువందల ఇరవై కిలోలు.
చీటీ చింపి డ్రైవరు చేతిలో పెట్టి
మళ్లీ గోనెల మీదికి.

పని మధ్యలో తడితే మిషన్
ఏ వరుస దగ్గరుందో గుర్తు పెట్టుకుంటుంది,
వచ్చినోళ్లను పంపించి సరిగ్గా అక్కడికే పోతుంది.
కల ఎక్కడ ఆగిందని జానయ్యను అడిగాను.
"కాల్వల దిగుతున్న. మోకాళ్ల దాక నీళ్లు."
కండ్లు మూశాడు. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు.
తెర దానంతటదే ఆరింది.
చీకట్లోంచి అన్నాడు:
"మళ్ల గట్టు మీదనే ఉన్న.
లుంగీ గూడ ఆరింది."